కంప్యూటరు రేవు పలుకనప్పుడు

మొన్నటి వేసవిలో పుత్తూరు కట్టును గురించి ఒక కార్యక్రమము రికార్డు చేయుటకై నేను ఆ ఊరికి పోయితిని. రాచపాళెములో పని ముగిసిన తరువాత, రికార్డు చేసినదానిలో కొంత భాగమును వెంటనే కార్యాలయమునకు పంపవలసి వచ్చి, పుత్తూరు బజారులో ఒక చిన్న ఇంటర్నెట్ కేంద్రమునకు వెళ్లితిని. అక్కడ బల్లపై ఒక వృద్ధురాలు కూర్చుండి యున్నది. తన బ్యాంకు ఖాతానుండి 2,000 రూపాయలు తీసికొనుటకు వచ్చినదట. వ్రేలిముద్ర తీసికొను చిన్న యంత్రము ఎదుటనే యున్నది గాని దానిలో వెలుగు లేదు. కేంద్రము నడుపు కుర్రవాడు దాని తీగను లాగుచున్నాడు, మరల గ్రుచ్చుచున్నాడు. ఏడెనిమిది మారులు అట్లు చేసి విసిగి, "పోర్టు పోయినట్టుంది అవ్వా. తిరుపతికి పంపించి బాగు చేయించాల. ఎల్లుండి రా" అన్నాడు.

"మొన్న గూడా ఎల్లుండనే అంటివి గదా నాయనా" అన్నది ఆమె. ఆ మాటలో కోపము లేదు.

పోర్టు పోయినదను ఈ తీర్పు నేడు ఇంటింట వినవచ్చుచున్నది. పిల్లవాని పెన్ డ్రైవు తెరుచుకొనదు, ప్రింటరు పలుకదు, సెల్‌ఫోనులోని ఫోటోలు కంప్యూటరులోనికి రావు. వెంటనే పోర్టు పోయినదనుకొందుము. నిజమునకు పోర్టు పోవుట అన్నిటికంటె అరుదు. అంతకుముందు చూడవలసినవి చాల ఉన్నవి. ఆ ఉదయమే రాచపాళెములో నేను చూచిన పద్ధతి ఇదే. అక్కడ ఆకు పసరు, కోడిగ్రుడ్డు తెల్లసొన, వెదురు దబ్బలు, గుడ్డ అన్నియు సిద్ధముగ నున్నను, కట్టు కట్టువాడు ముందుగా వాటిని ముట్టుకొనడు. నొప్పి యెక్కడ మొదలై యెక్కడ ఆగుచున్నదో వ్రేళ్లతో తడిమి చూచును. బెణుకా, కీలు తప్పినదా, ఎముక విరిగినదా యని తేలిన పిమ్మటనే కట్టు.

తడిమి చూచుటకు లోపలి నిర్మాణము కొంత తెలియవలెను. పోర్టు అనగా రేవు. ఓడరేవున సరకు ఎక్కినట్లు, దిగినట్లు కంప్యూటరులోనికి సమాచారము వచ్చి పోవు ద్వారమిది. ఒకప్పుడు కీబోర్డునకు ఒక రేవు, ప్రింటరునకు ఇంకొకటి, మోడెమునకు వేరొకటి యుండెడివి. ఒకదాని ముల్లు ఇంకొకదానిలో పట్టదు. వడోదరలోని మహారాజా సయాజీరావ్ విశ్వవిద్యాలయములో చదివి ఇంటెల్ సంస్థలో పని చేసిన అజయ్ భట్ మొదలగువారి కృషివలన, పలు సంస్థలు కలసి, అన్నిటికిని ఒకే ద్వారము చాలునట్లు 1996లో ఒక ప్రమాణమును ప్రకటించినవి. అదియే యూనివర్సల్ సీరియల్ బస్. మన వాడుకలో యు.ఎస్.బి.

పెన్ డ్రైవు మూతి తీసి వెలుతురులో చూచినచో లోపల బంగారు వన్నె రేకులు కనబడును. పాత పద్ధతి పోర్టులో ఇవి నాలుగు. అంచులనున్న రెండును విద్యుత్తు కొరకు. 5 వోల్టులు వచ్చునది ఒకటి, తిరిగి పోవునది ఒకటి. నడుమనున్న రెండును మాటలాడుటకు. అంచు రేకులు కొంచెము పొడుగు, నడిమివి కొంచెము పొట్టి. ఇది చేతి పొరపాటు కాదు. ముందుగా విద్యుత్తు అందవలెను, పిదప మాట సాగవలెను. అందుకే ఈ అమరిక.

ఉపకరణము లోపలికి చేరగనే మాట తీగలలో ఒకదానిని స్వల్పముగా పైకి లాగి, "నేను వచ్చితిని" అని తెలుపును. కంప్యూటరు దానిని ఒకమారు మొదటి స్థితికి తెచ్చి, నీవెవరవని అడుగును. తయారు చేసినవారి సంఖ్య, తన నమూనా సంఖ్య, తాను చేయు పని, తనకు కావలసిన విద్యుత్తు ఎంతయో అది చెప్పుకొనును. అప్పుడు కంప్యూటరు దానికి 1 మొదలు 127 లోపల ఒక సంఖ్యనిచ్చి, దానితో వ్యవహరింపగల డ్రైవరు అను కార్యక్రమమును వెదకి జత చేయును. ఇదంతయు మనము రెప్ప వేసి తీయునంతలో జరిగిపోవును. గుర్తుపట్టుట యనగా ఈ పరిచయము కడవరకు సాగుటయే. గుర్తుపట్టలేదన్నచో ఇందులో ఎక్కడనో మాట తెగినదన్న మాట.

ఎక్కడ తెగినదో కంప్యూటరే చాలవరకు చెప్పును; మనము వినిపించుకొనము. ఉపకరణము పెట్టినను చప్పుడు లేదు, వెలుగు లేదు, పట్టికలో క్రొత్త పేరు లేదు అన్నచో విద్యుత్తే అందలేదు. తీగయందో, రేకులయందో, పోర్టుయందో దోషము వెదకవలెను. చప్పుడు వినబడి, ఉపకరణమును గుర్తింపలేదని ప్రకటన వచ్చినచో, విద్యుత్తు అందినది గాని పరిచయము నడుమ ఆగినది. విండోస్ వాడువారికి డివైస్ మేనేజరు అను పట్టికలో ఇట్టి సమయమున 43 అను సంకేత సంఖ్య కానవచ్చును. పేరు సరిగనే కనబడి దాని ప్రక్కన పసుపు పచ్చని త్రికోణమున్నచో దోషము డ్రైవరుది. సంఖ్య 28 అయినచో డ్రైవరు అసలు లేదనియే అర్థము. ఇక త్రికోణము కూడ లేక పేరు చక్కగా నుండియు పెన్ డ్రైవు తెరుచుకొనకున్నచో, రేవు తన పని తాను చేసినది. ఓడలోని సరకును చూచుకొనవలెను.

ఇప్పుడు ఏది దోషియో తేల్చు ఉపాయము. మన చిన్ననాట ట్రాన్సిస్టరు మూగపోయినచో నాయనగారు మొదట బ్యాటరీలు మార్చి చూచెడివారు, తరువాత స్ప్రింగునకు పట్టిన చిలుమును గీకెడివారు, అటు తరువాతనే మెకానిక్కు పేరెత్తెడివారు. ఇక్కడను అంతే. ఉపకరణము, తీగ, పోర్టు అను మువ్వురిలో ఒక్కసారికి ఒక్కరినే మార్చవలెను. అదే పోర్టులో అదే తీగతో వేరొక ఉపకరణమును పెట్టి చూడుడు. తరువాత ఆ ఉపకరణమును వేరొక కంప్యూటరునకు తగిలింపుడు. తీగను మార్చుడు. అన్నిటిని ఒక్కసారిగా మార్చినచో పని జరిగినను కారణము తెలియదు. మరునాడు మరల అదే తంటా.

తీగను గురించి ఒక మాట ఎక్కువగా చెప్పవలెను, ఏలయన ఎక్కువమంది మోసపోవునది అక్కడనే. అంగడిలో చవకగా దొరకు కొన్ని ఫోను తీగలలో విద్యుత్తు తీగలే యుండును, మాట తీగలుండవు. ఫోను చక్కగా చార్జి అగును, కనుక తీగ మంచిదేయని నమ్ముదుము. కంప్యూటరు మాత్రము ఆ ఫోనును ఎన్నటికిని ఎరుగదు. పాపము, దానికి పరిచయము చేసినవారే లేరు.

పుత్తూరు, నగరి ప్రాంతములలో మరమగ్గముల దగ్గర నున్నవారికి ఇంకొక బాధ కలదు. గాలిలో తేలు నూలు దుమ్ము పోర్టులో చేరి, తీగను గ్రుచ్చినప్పుడెల్ల అడుగునకు అణగి, కొంతకాలమునకు దట్టమైన పొరగా కూర్చుండును. చొక్కా జేబులో నుండు ఫోనునకును ఇదే గతి. కంప్యూటరును ఆపి, ప్లగ్గు తీసి, టార్చి వెలుతురులో చూచి, పొడి కర్రపుల్లతో మెల్లగా తీయవలెను. గుండుసూది, పిన్నీసు, హెయిర్‌పిన్ను ముట్టరాదు. రెండు రేకులను లోహము కలిపినచో నిజముగనే పోర్టు పోవును.

రేకులు అరుగుటయు కలదు. సాధారణమైన పాత పద్ధతి పోర్టును 1,500 మారులు పెట్టి తీయుటకు తట్టుకొనునట్లు నిర్ణయించినారు. దినమునకు నాలుగు మారులు వాడినచో ఏడాది దాటిన కొలది దినములకే ఆ లెక్క నిండును. ఆ తరువాత వెంటనే చెడునని కాదు గాని వదులు కనబడవచ్చును. మా కార్యాలయములో ఒక జానెడు పొడిగింపు తీగను పోర్టులో శాశ్వతముగా ఉంచి, ఆ కొసనే పెట్టి తీయుచుందుము. అరిగినచో ఆ తీగ అరుగును; దాని వెల స్వల్పము. టైప్-సి అను క్రొత్త నమూనాను 10,000 మారులకు రూపొందించినారు.

పైకి ఏ దోషమును కనబడనప్పుడు కంప్యూటరును రీస్టార్టు చేయవలెను. షట్ డౌన్ కాదు, రీస్టార్టే. 2012లో వచ్చిన విండోస్ 8 మొదలుకొని, షట్ డౌన్ చేసినను యంత్రము కొంత జ్ఞాపకమును దాచుకొని మరునాడు దానితోనే లేచును. పాత చిక్కును కూడ వెంట తెచ్చుకొనును. రీస్టార్టు అయినచో అన్నియు మొదటినుండి చదువుకొనును. అప్పటికిని లొంగనిచో ఆపివేసి, ప్లగ్గును ఊడదీసి, పవరు బొత్తామును 30 సెకండ్లు నొక్కి పట్టి, నిలిచియున్న విద్యుత్తు పోయిన పిమ్మట మరల ప్రారంభింపుడు. ఇంకను లొంగనిచో, డివైస్ మేనేజరులో యూనివర్సల్ సీరియల్ బస్ కంట్రోలర్స్ అను శీర్షిక క్రింద రూట్ హబ్ అనుదానిని తెరచి, పొదుపు కొరకు దానిని నిద్రపుచ్చు అనుమతిని తొలగింపవచ్చును. ల్యాప్‌టాపులలో పోర్టు కొంతసేపు పని చేసి మాయమగుటకు ఇది ఒక కారణము. కంట్రోలరును అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్టు చేసినచో అది తిరిగి తానే అమరుకొనును. నడుమ మౌసు, కీబోర్డులు కొంతసేపు మూగపోవును గాన భయపడరాదు, చేయుచున్న పనిని మాత్రము ముందుగా భద్రపరచుకొనవలెను.

పెన్ డ్రైవు పెట్టగనే "ఫార్మాట్ చేయమందురా?" యని కంప్యూటరు అడిగినప్పుడు ఒప్పుకొనకుడు. ఇది నాకు అనుభవమున తెలిసినది. కొన్నేండ్ల క్రిందట జాతర పాటలు పాడు ఒక ముసలమ్మ గొంతును ఒక చిన్న కార్డులో రికార్డు చేసితిని. తొందరలో, ఎజెక్టు చేయకుండ కార్డును లాగివేసితిని. మరునాడు ఆ ప్రశ్న వచ్చినది. అవునని నొక్కితిని. అప్పటికైనను ఆగి, కార్డును ప్రక్కనుంచి, పోయినదానిని తిరిగి తీయు సాఫ్ట్‌వేరు వాడియున్నచో చాలవరకు దక్కియుండెడిది. నేను దానిపైననే వేరొక ప్రసంగమును రికార్డు చేసితిని. మరల ఆమె వద్దకు పోవుదమనుకొనులోపల ఆమె కాలధర్మము చెందినది.

అన్ని పోర్టులును ఒక్కసారిగ చచ్చినను, కాలిన వాసన వచ్చినను, లోపలి నాలుక వంగినను అది గృహవైద్యమునకు లొంగదు. అప్పుడు పనివానికి చూపవలెను.

పుత్తూరు కేంద్రమునకు మరల వత్తము. నేను ఆ కుర్రవాని అనుమతితో మౌసును తీసి అదే చోట పెట్టితిని. బాణపు గుర్తు చక్కగా కదలినది. ఇంకేమి, దోషము వ్రేలిముద్ర యంత్రమునదే యని తీర్పు చెప్పబోయి, నోరు మూసికొంటిని. ఏలయన ఆ చోటు కంప్యూటరు పోర్టు కాదు. ఒక పోర్టునుండి నాలుగు చేసిన హబ్బు అను చిన్న పెట్టె అది. దానికే ఒక సెల్‌ఫోను చార్జింగులో నున్నది, వేసవి గదా, బల్లమీది చిన్న ఫ్యానొకటి గిర్రున తిరుగుచున్నది. యు.ఎస్.బి. రెండవ ప్రమాణమున ఒక పోర్టు ఇచ్చునది 500 మిల్లీ ఆంపియర్లు మాత్రమే. స్వంత విద్యుత్తు లేని హబ్బు దానినే అందరికిని పంచవలెను. మౌసునకు ఆకలి తక్కువ, కనుక మిగిలినదానితో సరిపెట్టుకొన్నది. వ్రేలిముద్ర యంత్రము అంత కొలదితో లేవలేకపోయినది. నా పరీక్ష నన్నే మోసగించునంత పని చేసినది.

యంత్రమును హబ్బునుండి తీసి, కంప్యూటరు పెట్టె వెనుకనున్న పోర్టులో నేరుగా పెట్టితిమి. ముందరి పోర్టులు లోపల ఒక తీగ ద్వారా మదరుబోర్డునకు చేరును; వెనుకవి దానిపైననే యుండును గాన అనుమానము వచ్చినప్పుడు అవి మేలు. వెంటనే ఎర్రని వెలుగు వచ్చినది. అయినను తెరపై యంత్రము సిద్ధముగ లేదనియే వచ్చుచున్నది. దాని సాఫ్ట్‌వేరు సేవ ప్రారంభము కాలేదు. కుర్రవాడు రీస్టార్టు చేసినాడు. ఈమారు తెరయు ఒప్పుకొన్నది.

"రా అవ్వా, వేలు పెట్టు" అన్నాడు.

ఆమె బొటనవ్రేలు పెట్టినది. పట్టలేదు. చూపుడువ్రేలిని కూడ పట్టలేదు. మగ్గము మీద దారము లాగి లాగి ఆ వ్రేళ్ల గీతలు నునుపెక్కినవి. ఇది పోర్టునకు సంబంధించినది కాదు, నా చేతిలో మందు లేదు. కుర్రవాడు మాత్రము ఇందులో ఆరితేరినవాడు. తడిగుడ్డతో ఆమె చేయి తుడిచి, ఒక్కొక్క వ్రేలినే పెట్టించుచు పోయినాడు. ఎడమచేతి ఉంగరపు వ్రేలికి వెలుగు మారినది. ఆమె నాలుగు అయిదువందల నోట్లను రెండుమారులు లెక్కించుకొని, కొంగున ముడివేసికొని, బస్సు వేళయైనదని లేచినది. కుర్రవాడు చెమట తుడుచుకొనుచు ఫ్యాను కొరకు గోడకు వేరే ప్లగ్గు ఎక్కడ దొరకునా యని వెదకుచుండెను.