ఐ హర్డ్ ఇట్ త్రూ ది గ్రేప్‌వైన్

ఐ హర్డ్ ఇట్ త్రూ ది గ్రేప్‌వైన్ అమెరికాకు చెందిన ఒక ప్రసిద్ధ సోల్ గీతము. దీనిని 1966లో నార్మన్ విట్‌ఫీల్డ్, బారెట్ స్ట్రాంగ్ అనువారు డెట్రాయిట్ నగరములోని మోటౌన్ సంస్థ కొరకు రచించిరి. గ్రేప్‌వైన్ అనగా ద్రాక్షతీగ. ఆంగ్లములో ద్రాక్షతీగ ద్వారా వినుట అనగా ఆ నోటా ఈ నోటా పడి వచ్చిన మాటను వినుట. తాను ప్రేమించిన వ్యక్తి తనను విడిచిపోనున్న సంగతి లోకుల వలన తెలిసినప్పటి బాధయే ఇందలి విషయము.

చరిత్ర

మొదట స్మోకీ రాబిన్సన్, మిరకిల్స్ బృందము, పిదప 1967 తొలి నెలలలో మార్విన్ గే దీనిని పాడిరి. విట్‌ఫీల్డ్ కావలెననియే గే గొంతుకు అందీ అందని స్థాయిలో పాడించెను. అందుచే ఆ స్వరములో ఒక జీర పలికినది. సంస్థాధిపతి బెర్రీ గోర్డీ ఈ రెండింటి విడుదలకును అంగీకరించలేదు. అదే ఏట గ్లాడిస్ నైట్ అండ్ ది పిప్స్ బృందము వేగముగా, గాస్పెల్ ధోరణిలో పాడగా అది బిల్‌బోర్డ్ పట్టికలో 2వ స్థానమునకు చేరినది.

గే పాడినది 1968లో ఒక ఆల్బమ్‌లో చేర్చబడినది. రేడియోవారు దానినే పదేపదే వినిపించిరి. చివరకు విడిగా విడుదలై 7 వారములు ప్రథమ స్థానమున నిలిచినది. ఒకనాడు త్రోసివేయబడినదే నేడు మూలమని పలువురు తలచుచుందురు.

ఇతర శైలులు

క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్ అను రాక్ బృందము 1970లో దీనిని సుమారు 11 నిమిషములు పాడినది. మన కచేరీలలో పల్లవిని విస్తరించినట్లు, అందులో అధిక భాగము గిటారు వాదనమే. 1979లో లండన్‌కు చెందిన స్లిట్స్ అను పంక్ బృందము, 1981లో రోజర్ ట్రౌట్‌మన్ ఫంక్ శైలిలోను పాడిరి.

1986లో కాలిఫోర్నియా ఎండుద్రాక్ష ప్రకటనకు కూడ ఈ పాటనే వాడిరి. ద్రాక్షతీగకు అక్కడ వాచ్యార్థమే సరిపోయినది.