కొట్టు మెట్టు మీద మన మాట



మాఘమాసములో పెండ్లి ముహూర్తములు మొదలైతే మా నరసన్నపేట బజారులో నడుచుట కష్టము. జలుమూరు, పోలాకి, సారవకోట, కోటబొమ్మాళి వైపు పల్లెల నుండి బంగారమునకు, బట్టలకు జనము ఇక్కడికే వస్తారు. పెండ్లి పనిలో ఉన్న మా సంఘ కుటుంబములతో కలిసి మేమును ఆ కొట్లు ఎక్కుట కలదు. అలా ఒక మూల కూర్చున్నప్పుడు మేము చూచిన సంగతిని ఈ నెల మీ ముందు ఉంచుచున్నాము.

కొట్టులో పెద్దాయనను అందరూ "షావుకారు గారూ" అంటారు. ట్రేలు తెచ్చి చూపించే కుర్రవాణ్ణి మాత్రము చాలామంది "ఒరేయ్, ఇటు తే" అంటారు. ఆ కుర్రవాడు తెస్తాడు. అది కాదంటే మరొకటి తెస్తాడు. అడిగినది తెచ్చుటలో అతడు లోపము చేయడు. అయితే ఆ రోజు ఒక పల్లెటూరి తల్లి వచ్చి, "బాబూ, పొద్దున్నుంచి నిలబడే ఉన్నట్టున్నావు. మా దగ్గర డబ్బులు ఇంతే ఉన్నాయి. పిల్లకి ఇందులో సరిపడే గొలుసు ఏదో నువ్వే చూసి చెప్పు" అన్నది. ఆ కుర్రవాడు లోపలికి వెళ్ళి, అంతవరకు ఎవరికీ చూపని ట్రే ఒకటి తెచ్చాడు. దేనికి తరుగు తక్కువో చెప్పాడు. ఏ గొలుసు కొక్కెము త్వరగా అరిగిపోవునో అదియు చెప్పాడు. ఆమె ఆ మాటలేవీ అడుగలేదు. అడగవచ్చునని కూడా ఆమెకు తెలియదు.

మాకు అప్పుడు ఒక సంగతి బోధపడినది. కసురుకున్నవానికి అడిగినది దొరకును. మంచిగా పలికినవానికి, అడుగుట తెలియనిది కూడ దొరకును. పల్లె నుండి వచ్చిన మనకు కావలసినది చాలావరకు ఆ రెండవదే గదా!

ఇది ఇతరులకు చెప్పుటకు ముందు మా తప్పు ఒప్పుకొనవలెను. కొన్ని సంవత్సరముల క్రితము మా సంఘములో ఒక వృద్ధురాలికి బి.పి. మాత్రలు తెచ్చుటకు మేము ఒక మందుల షాపునకు వెళ్ళాము. షాపు పేరు చెప్పము, చెప్పవలసిన పని లేదు. సాయంత్రము రద్దీ. మాకు ప్రార్థన కూటమునకు వేళ మించిపోవుచున్నది. ముందు ఐదారుగురు ఉన్నారు. మేము ఓర్పు కోల్పోయి, అందరి ఎదుట ఆ కుర్రవానితో, "ఏమిరా, మనుషులు కనబడుట లేదా? నిన్ను ఎవరు పెట్టారు ఇక్కడ?" అన్నాము. అతడు తల వంచుకొని మా చీటీ తీసుకున్నాడు, మాత్రలు ఇచ్చాడు. పని త్వరగా అయినదని సంతోషించి వచ్చేశాము.

ఆ రాత్రి ఆ తల్లి కోడలు పాత అట్టను, కొత్త అట్టను ప్రక్కప్రక్కన పెట్టి చూచినది. మందు పేరు ఒకటే. బలము రెట్టింపు. పాతది ఐదు మిల్లీగ్రాములు, కొత్తది పది. ఆ కోడలు అంతగా చదువుకొనలేదు గాని అంకె పోల్చుకొన్నది. ఆమె చూడకపోతే ఏమగునో తలచుకొంటే ఇప్పటికిని మాకు గుండె జల్లుమనును.

మరునాడు ఉదయము ఆ కుర్రవాణ్ణి నిలదీయవలెనని వెళ్ళాము. అతడు అట్ట చూచి బిత్తరపోయాడు. "అయ్యగారూ, తప్పు నాదేనండి. మీరు అందరి ముందల ఆ మాట అనీసరికి నాకు సేతులు వణికిపోనాయి. చీటీ సూసినాను గానీ కళ్ళకి అగుపళ్ళేదు" అన్నాడు. మాకు జవాబు లేదు. మాత్ర ఇచ్చిన చెయ్యి అతనిది, ఆ చేతిని వణికించిన నోరు మాది.

ఇది మా ఒక్కరి అనుభవము కాదు. ఇశ్రాయేలు దేశములో వైద్య పరిశోధకులు ఈ విషయమును పరీక్షించి, 2017లో "పీడియాట్రిక్స్" అను వైద్య పత్రికలో ప్రచురించారు. నవజాత శిశువులకు అత్యవసర చికిత్స చేయు 39 వైద్య బృందములు అందులో పాల్గొన్నవి. అక్కడ ఉన్నది నిజమైన రోగి కాదు, శిక్షణ కొరకు కల్పించిన సన్నివేశము. కొన్ని బృందముల ఎదుట శిశువు తల్లిగా నటించిన స్త్రీ, వారి పనికి సంబంధము లేని అవమానకరమైన మాటలు పలికినది. ఆ మాటలు విన్న బృందములు రోగమును గుర్తించుటలోను, చికిత్స చేయుటలోను వెనుకబడినవి. ఒకరికొకరు సహాయము చేసికొనుట కూడ తగ్గినది. వారు పగబట్టి అలా చేయలేదు. మనిషి మనస్సులో గాయము తగిలినప్పుడు సగము బుద్ధి ఆ గాయము చుట్టే తిరుగును. మిగిలిన సగముతోనే పని చేయవలెను. అనుభవమున్న డాక్టర్లకే ఇట్లుండగా, పన్నెండు గంటలు నిలబడి పనిచేసే కుర్రవాని సంగతి చెప్పవలెనా?

కొనువాని నోరు ఎలాంటిదో వాక్యమునకు బాగుగా తెలియును. బేరమాడునప్పుడు సరుకు బాగులేదు బాగులేదని, ఇంటికి పోయి చౌకగా కొట్టుకొచ్చానని గొప్పలు చెప్పుకొనువానిని గూర్చి సామెతలు 20:14లో ఉన్నది. బేరమాడుట తప్పు కాదు. సరుకు ధర తగ్గించమని అడుగుట వేరు, ఎదుటి మనిషి విలువ తగ్గించుట వేరు.

ఇక్కడ ఒక ప్రశ్న తప్పక వచ్చును. "అయ్యగారూ, మెత్తగా ఉంటే మొత్తబుద్ధి అవుతుంది. మంచిగా అడిగితే మమ్మల్ని ఎవరు పట్టించుకొంటారు?" అని మా సంఘస్థులే అడుగుదురు. ఈ ప్రశ్న న్యాయమైనది. మన సంఘములలోని పెద్దలు కొందరికి టీ కొట్టులో వేరు గ్లాసు ఇంకను జ్ఞాపకమున్నది. తమకు ప్రత్యేకించిన గ్లాసు తీసికొని, బయట నిలబడి త్రాగి, తామే కడిగి పెట్టవలసి వచ్చెడిది. వారు ఎంత వినయముగా అడిగినను ఆ గ్లాసు మారలేదు. అది వారి మాట తీరులోని లోపము కాదు, అన్యాయము. దానికి మందు మర్యాద కాదు, చట్టము. రాజ్యాంగము 17వ అధికరణము అంటరానితనమును రద్దు చేసినది. 1955లో ఒక చట్టము, 1989లో మరింత కఠినమైన చట్టము వచ్చినవి. కాబట్టి చేతులు కట్టుకొని, వంగి, "దొరా" అని నిలబడుటను మేము మర్యాద అనము. అది భయము. మర్యాద తల యెత్తుకొని చేయునది.

ఫిలిప్పీ పట్టణములో పౌలును చూడండి (అపొ. కార్యములు 16). అన్యాయముగా కొట్టబడి చెరసాలలో ఉన్నాడు. అర్ధరాత్రి చెరసాల నాయకుడు ప్రాణము తీసుకొనబోగా, తన కాళ్ళకు బొండ వేసిన ఆ ఉద్యోగినే పౌలు కేకవేసి కాపాడాడు. తెల్లవారిన తరువాత అధికారులు రహస్యముగా వెళ్ళిపొమ్మని కబురు పంపితే మాత్రము కదలలేదు. తాము రోమీయులమని చెప్పి, వారే స్వయముగా వచ్చి వెలుపలికి తీసికొనిపోవలెనన్నాడు. ఎదుట నిలిచిన చిన్న ఉద్యోగి యెడల కనికరము, తప్పు చేసిన అధికారము యెడల గట్టితనము. మనము తరచుగా దీనిని తలక్రిందులు చేయుదుము. కౌంటరులోని గుమాస్తా మీద అరచి, లోపలి అధికారి యెదుట చేతులు నలుపుకొందుము.

గట్టిగా అడుగవలసినవి ఏవో కూడ తెలిసికొనండి. హాల్‌మార్కు నగ కొనునప్పుడు దాని మీద ఆరు అక్షరాంకెల హెచ్.యు.ఐ.డి. గుర్తు చూపించమనండి. 2023 ఏప్రిల్ 1 నుండి ఆ గుర్తు లేకుండ హాల్‌మార్కు నగ అమ్మకూడదు. బిల్లు అడగండి. మందుల షాపులో మాత్ర పేరు, బలము చదివి వినిపించమనండి. "బాబూ, ఒక్కసారి చదివి చెప్పవా?" అంటే ఎవరును కోపపడరు. మోసము జరిగితే కొట్టు మెట్టు మీద తగవు అనవసరము. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టము స్థానములో 2019 చట్టము 2020 జూలై 20 నుండి అమలుకు వచ్చినది. జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915. జిల్లా కమిషనులో ఐదు లక్షల రూపాయల వరకు కొన్న వస్తువు విషయములో ఫిర్యాదునకు రుసుము లేదు. ఇన్ని దారులుండగా బూతు మాట ఎందుకు?

మర్యాద అనగా తియ్యని మాట మాత్రమే కాదు, మన వంతు పని మనము సిద్ధము చేసికొనుట కూడ. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకము మొదలై పల్లెవెలుగు బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణము వచ్చినది. డబ్బు లేకపోయినను టికెట్టు కొట్టవలసినదే, కార్డు చూడవలసినదే. ఆ రద్దీలో కండక్టరు దగ్గరకు వచ్చిన తరువాత సంచి అడుగున కార్డు వెదకుట కంటె, ముందుగా చేతిలో పట్టుకొనుట మర్యాద. టికెట్టు కొనువారు చిల్లర సిద్ధముగా ఉంచుకొనుట మర్యాద. బ్యాంకులో పాసుపుస్తకము తెరచి ఇచ్చుట, వరుసలో ముందున్న ముసలివారిని త్రోయకుండుట మర్యాద. "ఏయ్", "ఒరేయ్" మాని "తమ్ముడూ", "అమ్మా", "బాబూ" అనుటకు ఒక్క పైసా ఖర్చు లేదు.

తలిదండ్రులారా, ఇంకొక మాట. మీరు కొట్టులో మాటలాడునప్పుడు మీ చెయ్యి పట్టుకొన్న పిల్లవాడు వినుచున్నాడు. ఆదివారము బడిలో మేము నేర్పిన ప్రేమ అనే పాఠమును సోమవారము సంతలో మీరు దిద్దుచున్నారు, లేక తుడిచివేయుచున్నారు. రేపు ఆ పిల్లవాడే ఏ పట్టణములోనో కౌంటరు వెనుక నిలబడవచ్చును. మన పల్లెల పిల్లలు విశాఖపట్నములో, హైదరాబాదులో హోటళ్ళలో, షాపులలో పని చేయుచున్నారు గదా. వారితో అక్కడివారు ఎట్లు మాటలాడవలెనని మీరు కోరుదురో, ఇక్కడి కుర్రవానితో అట్లే మాటలాడుడి.

ఆ ఉదయము మేము మందుల షాపులో, ఉన్న నలుగురి ఎదుటనే ఆ కుర్రవాణ్ణి క్షమించుమని అడిగాము. అవమానించినది అందరి ముందు గనుక ఒప్పుకొనుటయు అందరి ముందే కావలెను. అతడు ఎర్రబడి, "అదేటండి, అయ్యగారూ" అన్నాడు. నేటికిని ఆ తల్లి మాత్రలు అక్కడే కొనుచున్నాము. అతడు అట్ట త్రిప్పి, బలము బిగ్గరగా చదివి, మా చేత మరల చదివించి గాని సంచిలో వేయడు. మేము వేళకు రాకపోతే, "మామ్మగారి మాత్రలు అయిపోయుంటాయి గదండీ" అని అతడే ఫోను చేయును. ఆ ఫోను చేయుమని మేము ఎన్నడును అడుగలేదు.