ఉపవాసం మర్నాడు కళ్ళు పచ్చబడితే



శివరాత్రికి మీ అమ్మాయి కూడా మీతోపాటు ఉపవాసం ఉంది, జాగరణా చేసింది. మర్నాడు పొద్దున్న వెలుతుర్లో చూస్తే కళ్ళల్లో తెల్లగుడ్డు కాస్త పచ్చగా ఉంది. మీ గుండె గుభేలుమంటుంది. అత్తగారు "కామెర్లే, పసరు పోయించండి" అంటారు. పక్కింటావిడ చేతిమీద వాత పెట్టించమంటుంది. వచ్చేవారం పెళ్ళిచూపులాయె! కంగారు పడేముందు ఆ పచ్చదనం ఎక్కణ్ణించి వచ్చిందో తెలుసుకుందాం.

మన రక్తంలోని ఎర్రకణాల ఆయుర్దాయం సుమారు 120 రోజులు. పాతబడి విరిగిపోయిన కణాల నుంచి తయారయ్యే పసుపుపచ్చని పదార్థమే బిలిరుబిన్. ఇది నీళ్ళలో కరగదు. జిడ్డుగిన్నె వట్టి నీళ్ళకి వదలదు, శీకాయపొడి తగిలితే వదులుతుంది కదా! అలాగే మన కాలేయం ఒక ఎంజైము సాయంతో బిలిరుబిన్‌ని కరిగేట్టు చేసి, పైత్యరసంతో పేగుల్లోకి పంపేస్తుంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఇది మామూలుగా 1 మిల్లీగ్రాము దాకా ఉంటుంది. 2, 3 దాటితే కళ్ళు పచ్చగా కనిపిస్తాయి.

కడుపు మాడ్చుకుంటే ఎవరికైనా ఇది కొద్దిగా పెరుగుతుంది. కాలేయం దీన్ని తీసివేసే పని మందగిస్తుంది. పేగుల కదలిక తగ్గి, బయటికి పోవలసినది కొంత మళ్ళీ రక్తంలో చేరుతుంది. చాలామందిలో ఆ తేడా కంటికి ఆనదు. కానీ కొందరికి పుట్టుకతోనే ఆ ఎంజైము తక్కువగా పనిచేస్తుంది. దీన్ని 1901లో వివరించిన ఫ్రెంచి వైద్యుడి పేరుమీద గిల్బర్ట్ సిండ్రోము అంటారు. ఇది అరుదేమీ కాదు, నూటికి అయిదుగురి నుంచి పదిమంది దాకా ఉంటారు. వీళ్ళు ఒకటి రెండు రోజులు పస్తుంటే బిలిరుబిన్ రెండింతలు, మూడింతలు కూడా కావచ్చు. నిద్రలేకపోయినా, జ్వరం తగిలినా, బాగా అలిసిపోయినా పెరుగుతుంది. మామూలుగా భోజనం చేస్తే ఒకటి రెండు రోజుల్లో దిగిపోతుంది. ఇది అంటురోగం కాదు. కాలేయాన్ని పాడుచెయ్యదు. మందు అక్కర్లేదు. పెళ్ళికీ, పిల్లలకీ అడ్డు కానేకాదు.

అలాగని "ఉపవాసం వల్లేలే" అని మనకి మనమే తీర్పు చెప్పేసుకోకూడదు. డాక్టరుకి చూపించి, ఉపవాసం సంగతి కూడా చెప్పండి. రక్తపరీక్షలో డైరెక్టు, ఇన్‌డైరెక్టు అని రెండు అంకెలు వేస్తారు. గిల్బర్ట్ వాళ్ళకి పెరిగేది ఇన్‌డైరెక్టు మాత్రమే. మిగతా లివరు పరీక్షలు సరిగ్గానే ఉంటాయి. నీళ్ళలో కరగని పదార్థం కనక మూత్రంలోకి దిగదు. నిర్జలంగా ఉంటే మూత్రం కాస్త చిక్కబడటం సహజమే. నీళ్ళు తాగాక కూడా డికాక్షన్‌లా ఉన్నా, మలం సున్నంలా తెల్లబడినా, జ్వరం, వాంతులు, కడుపునొప్పి, ఒళ్ళంతా దురద ఉన్నా అది వేరే జబ్బు. ఆలస్యం చెయ్యకండి. గర్భిణులకీ, పసిపిల్లలకీ కళ్ళు పచ్చబడితే ఒక్కరోజు కూడా ఆగవద్దు.

ఇక పసరు సంగతి. గిల్బర్ట్ పచ్చదనం అన్నం తింటే తగ్గుతుంది, పేరు పసరుకి వస్తుంది! నిజమైన కామెర్లయితే, తెలియని ఆకుపసర్లు అసలే అలిసిన కాలేయానికి మరింత చేటు చెయ్యవచ్చు. పథ్యం పేరుతో చప్పిడి మెతుకులు నాలుగు పెట్టి పిల్లని మాడిస్తే, తగ్గవలసిన పచ్చదనం తగ్గకుండా కూర్చుంటుంది. వాతలు పెడితే మిగిలేది మచ్చే.

వ్రతాలు మానమని నేను చెప్పడంలేదు. గిల్బర్ట్ అని తేలినవాళ్ళు నిర్జలాలూ, రెండ్రోజుల పస్తులూ పెట్టుకోకుండా, వేళకి ఏదో ఒకటి తింటూ వ్రతం చేసుకోవచ్చు. ఆ రక్తపరీక్ష కాగితం మాత్రం జాగ్రత్తగా దాచండి. రేపు మరో ఊళ్ళో, మరో డాక్టరు దగ్గర, అదే మీ అమ్మాయికి అనవసరమైన భయాన్నీ, మందుల్నీ తప్పిస్తుంది.