ఇంటి నుండే ఇంటి బిల్లులు

విద్యుత్ బిల్లు కట్టుటకు మన పెద్దలు ఎండలో క్యూలో నిలబడెడివారు. రసీదును బీరువాలో భద్రపరచెడివారు. 2001లో ఈసేవ కేంద్రములు వచ్చి ఆ శ్రమ కొంత తగ్గినది. నేడు సెల్‌ఫోనులోనే పని ముగియుచున్నది. కాని లోపల జరుగునదేమి?

మనము సర్వీసు నంబరు నింపగానే బ్యాంకు దానిని భారత్ బిల్ పేమెంట్ వ్యవస్థకు పంపును. రిజర్వు బ్యాంకు సంకల్పించిన ఈ వ్యవస్థ 2016లో ఆరంభమైనది. అది విద్యుత్ సంస్థ పక్షమున పనిచేయు మధ్యవర్తి నుండి వినియోగదారుని పేరు, బాకీ, గడువు తేదీ తెప్పించి మన ముందుంచును. మనము రహస్య సంఖ్య ఇచ్చిన పిమ్మటనే ఖాతాలో సొమ్ము తగ్గును. చెల్లింపు వార్త ముందుగా పోవును. బ్యాంకుల నడుమ లెక్క తరువాత విడతలుగా తీరును.

కావున తెరపైని పేరును చదువక ముందుకు సాగరాదు. ఒక్క అంకె తప్పినచో పొరుగింటి బాకీ మనమే తీర్చినట్లగును! "ఈ రాత్రికే కరెంటు తీసివేయుదుము" అను సందేశమును నమ్మి, అందలి నంబరుకు ఫోను చేసి సొమ్ము పోగొట్టుకొన్నవారును కలరు. ఖాతాలో సొమ్ము తగ్గియు బిల్లు తీరనిచో, రసీదుపై గల లావాదేవీ సంఖ్యను చూపి ఆ బ్యాంకులోనే ఫిర్యాదు నమోదు చేయవచ్చును.