గూగుల్ షాపింగ్‌లో ఫ్రీ లిస్టింగ్: ఊరికే చోటిస్తే యాడ్స్‌కి డబ్బులెందుకు కడుతున్నారు?

కొత్త ఫోన్ కొనేముందు మనలో చాలామంది చేసే పని ఒకటే. మోడల్ పేరు గూగుల్‌లో కొట్టి, షాపింగ్ ట్యాబ్ నొక్కి, ఎవరు తక్కువకి ఇస్తున్నారో చూడటం. ఆ పేజీలో రెండు రకాల దుకాణాలు ఉంటాయి. మీరు క్లిక్ చేసిన ప్రతిసారీ గూగుల్‌కి డబ్బు కట్టేవి కొన్ని. ఒక్క రూపాయి కూడా కట్టనివి కొన్ని. చూడటానికి రెండూ ఇంచుమించు ఒకటే: ఫొటో, పేరు, ధర, షాపు పేరు. తేడా అంతా 'స్పాన్సర్డ్' అనే చిన్న మాటలో ఉంది.

ఉచితంగా చోటు దొరుకుతున్నప్పుడు డబ్బు కట్టేవాళ్లు ఎందుకు కడుతున్నారు? ఫ్రీ లిస్టింగ్‌లు వచ్చాక వాళ్లకి ఖర్చు తగ్గిందా, పెరిగిందా? ఈ ఆర్టికల్‌లో అదే చూద్దాం. షాపు ఉన్నవాళ్లకే కాదు, కొనే మనకీ ఇది తెలిసి ఉండాలి.

ముందు కొంచెం చరిత్ర

గూగుల్ 2002 డిసెంబర్‌లో 'ఫ్రూగుల్' అనే సర్వీస్ మొదలుపెట్టింది. వస్తువుల ధరలు వెతకడానికి. షాపులు తమ సరుకు ఉచితంగా పెట్టుకోవచ్చు. 2007లో దాని పేరు 'గూగుల్ ప్రొడక్ట్ సెర్చ్'గా మారింది. 2012లో అసలు మలుపు వచ్చింది. పేరు 'గూగుల్ షాపింగ్' అయింది, ఉచితం పోయింది. ఆ ఏడాది అక్టోబర్ నాటికి అమెరికాలో డబ్బు కట్టినవాళ్ల సరుకే కనిపించే పద్ధతి వచ్చేసింది. మైక్రోసాఫ్ట్ బింగ్ వాళ్లు దీన్ని ఎగతాళి చేస్తూ 'స్క్రూగుల్డ్' అని పెద్ద ప్రచారమే నడిపారు.

మన దేశంలో కథ కొంచెం వేరు. 2018 డిసెంబర్‌లో గూగుల్ ఇక్కడ షాపింగ్ సెర్చ్ తెచ్చినప్పుడే, యాడ్ క్యాంపెయిన్ లేకుండా కూడా షాపులు తమ సరుకు చూపించుకునే వీలు ఇచ్చింది. షాపులు వివరాలు ఎక్కించే మర్చంట్ సెంటర్‌ని హిందీలో కూడా ఇచ్చింది.

తర్వాత కోవిడ్ వచ్చింది. 2020 ఏప్రిల్ 21న, అప్పట్లో గూగుల్‌లో కామర్స్ విభాగం చూస్తున్న బిల్ రెడీ ఒక ప్రకటన చేశారు: ఏప్రిల్ 27 నుంచి అమెరికాలో షాపింగ్ ట్యాబ్‌లో ఎక్కువ భాగం ఉచిత లిస్టింగ్‌లే ఉంటాయి, యాడ్స్ వాటితో పాటు విడిగా ఉంటాయి అని. అదే ఏడాది అక్టోబర్ నుంచి మిగతా దేశాలకీ ఈ పద్ధతి పాకింది. లాక్‌డౌన్‌లో మూతపడ్డ షాపులకి సాయం అన్నది బయటికి చెప్పిన కారణం. కొనాలనుకున్న జనం గూగుల్‌కి రాకుండా నేరుగా అమెజాన్‌కే వెళ్లిపోవడం ఇంకో కారణమని అప్పట్లో చాలామంది రాశారు. అరలు ఖాళీగా ఉన్న కొట్టుకి ఎవరొస్తారు?

సంతతో పోల్చి చూస్తే

నాది ఖమ్మం జిల్లా వైరా. మా వైపు సంత చూసినవాళ్లకి ఈ లెక్క తేలిగ్గా అర్థమవుతుంది. సంతలో కూర్చోవాలంటే ప్రతి ఒక్కరూ డబ్బు కట్టాల్సిందే అనుకోండి. కట్టగలిగిన పదిమందే వస్తారు. పది కొట్లే ఉన్న సంతకి జనం పెద్దగా రారు. అదే లోపల చోటు ఊరికే ఇచ్చి, గేటు పక్కన ఉన్న నాలుగు చోట్లకి మాత్రం వేలం పెడితే? అమ్మేవాళ్లు వందమంది వస్తారు, వాళ్లని చూసి జనం వస్తారు. జనం పెరిగేకొద్దీ గేటు పక్క చోటుకి వేలం పాట ఇంకా పైకి పోతుంది.

ఫ్రీ లిస్టింగ్ చేసిన పని ఇదే. 2020 అక్టోబర్‌లో గూగుల్ చెప్పిన లెక్క ప్రకారం, అమెరికాలో షాపింగ్ ట్యాబ్‌లో ఉచిత లిస్టింగ్‌లు, యాడ్స్ రెండూ కలిపి క్లిక్‌లు సగటున 70%, కనిపించిన సార్లు 130% పెరిగాయి. ఇది గూగుల్ తన గురించి తాను చెప్పుకున్న లెక్కే, ఆ జాగ్రత్తతోనే చదవాలి. అయినా దారి తెలుస్తోంది. ఉచితం వల్ల యాడ్స్ మార్కెట్ చిన్నది కాలేదు.

రెండిటికీ ఇంధనం ఒకటే

ఫ్రీ అయినా, యాడ్ అయినా మొదటి మెట్టు మర్చంట్ సెంటర్‌లో 'ప్రొడక్ట్ ఫీడ్' ఎక్కించడం. అంటే ఒక పెద్ద టేబుల్ లాంటిది. ఒక్కో వరుసలో ఒక్కో వస్తువు: పేరు, వివరణ, ఫొటో లింకు, ధర, స్టాక్ ఉందా లేదా, బ్రాండ్, కొత్తదా రీఫర్బిష్డా, బార్‌కోడ్ నంబర్. ఆ బార్‌కోడ్ నంబర్‌నే జీటిన్ అంటారు. మీ ఫోన్ బాక్స్ మీద 890తో మొదలయ్యే 13 అంకెలు ఉంటే అదే. 890 అంటే ఆ నంబర్ ఇండియాలో జారీ అయిందని అర్థం.

మామూలు సెర్చ్ యాడ్స్‌లో 'ఈ మాట వెతికితే నన్ను చూపించు' అని కీవర్డ్ కొనుక్కుంటారు. షాపింగ్ యాడ్స్‌లో అలా కొనరు. ఫీడ్‌లో ఉన్న వివరాలు చదివి, ఏ సెర్చ్‌కి ఏ వస్తువు సరిపోతుందో గూగులే నిర్ణయిస్తుంది. ఫ్రీ లిస్టింగ్‌లోనూ అంతే. అందుకని ఫీడ్‌లో టైటిల్ 'మొబైల్ కవర్ బ్లాక్' అని ఉంటే రెండు చోట్లా దెబ్బే. మోడల్ పేరు, మెటీరియల్, రంగు రాస్తే రెండు చోట్లా లాభమే.

ఆ తర్వాత దారులు వేరు. యాడ్ అయితే ప్రతి సెర్చ్‌కీ వేలం జరుగుతుంది. బిడ్ ఎంత, వస్తువు ఎంత సరిపోతుంది అన్నవి చూసి చోటు ఇస్తారు, క్లిక్ పడితేనే డబ్బు. ఫ్రీ అయితే బిడ్ లేదు. కానీ ఎన్నిసార్లు కనిపిస్తారో మీ చేతిలో లేదు.

ఒక్క క్లిక్‌కి ఎంత కట్టొచ్చు?

ఊళ్లో సెల్ షాపు ఉన్న మా బాబాయ్ ఒకాయన నన్ను అడిగిన ప్రశ్నే నిజానికి ఈ ఆర్టికల్‌కి మూలం. "గూగుల్లో ఊరికే పెట్టుకోవచ్చంట కదరా, మరి వీళ్లంతా డబ్బులెందుకు కడుతున్నారు?" లెక్క వేసి చూపిస్తేనే ఆయన నమ్ముతారు. కింద ఉన్న అంకెలు అర్థం కావడానికి నేను అనుకున్నవి, మీ షాపు అంకెలు వేసుకుని చూడండి.

సూత్రం ఒక్కటే: ఒక అమ్మకం మీద మిగిలే లాభాన్ని, వందలో ఎంతమంది కొంటారో ఆ శాతంతో గుణించాలి. వచ్చిందే మీరు ఒక క్లిక్‌కి పెట్టగల గరిష్ఠ ఖర్చు.

కవర్, టెంపర్డ్ గ్లాస్ కలిపి రూ. 299కి అమ్మితే రూ. 90 మిగులుతుంది అనుకుందాం. వందమంది క్లిక్ చేస్తే ఇద్దరు కొన్నారు. 90లో 2% అంటే రూ. 1.80. క్లిక్ రేటు రూ. 4 నడుస్తుంటే ప్రతి వంద క్లిక్‌లకి రూ. 400 కట్టి రూ. 180 సంపాదించినట్టు. రూ. 220 చేతి నుంచి పోయింది.

రూ. 15,000 ఫోన్ మీద రూ. 600 మిగిలి, వందలో ఒక్కరు కొంటే గరిష్ఠం రూ. 6. అదే నాలుగు రూపాయల క్లిక్ ఇక్కడ గిట్టుబాటు అవుతుంది. కవర్ కొన్నవాడు మళ్లీ వచ్చి ఇంకేదైనా కొంటాడన్న లెక్క ఉన్న పెద్ద కంపెనీ, మొదటి అమ్మకంలో నష్టపోయినా బిడ్ పెంచుతూనే ఉంటుంది. చిన్న షాపుకి ఆ ఓపిక ఉండదు. అలాంటి వస్తువులకి ఫ్రీ లిస్టింగే సరైన చోటు. క్లిక్ ఖర్చు సున్నా కాబట్టి వందలో ఒక్కరు కొన్నా లాభమే.

కట్టకపోయినా వచ్చేవాళ్లకి కడుతున్నామా?

యాడ్స్ నడిపేవాళ్లకి ఫ్రీ లిస్టింగ్ తెచ్చిన అసలు తలనొప్పి ఇది. మీ వస్తువు పైన యాడ్‌గానూ, కింద ఫ్రీగానూ ఉంది. ఒకాయన పైన క్లిక్ చేసి కొన్నాడు. పైన లేకపోతే కింద క్లిక్ చేసి కొనేవాడే అయితే? మీ రిపోర్ట్‌లో అది 'యాడ్ తెచ్చిన అమ్మకం' అని పడుతుంది. నిజానికి ఆ డబ్బు దండగ.

నెలకి 1,000 యాడ్ క్లిక్‌లు, ఒక్కోటి రూ. 4, మొత్తం రూ. 4,000 అనుకోండి. యాడ్స్ ఆపితే ఫ్రీ క్లిక్‌లు 200 పెరిగాయి. అంటే యాడ్ నిజంగా తెచ్చింది 800 క్లిక్‌లే. అసలు రేటు రూ. 4 కాదు, రూ. 5.

ఈ పరీక్ష పెద్ద ఎత్తున చేసిన కంపెనీ ఈబే. 2012లో తన పేరు మీద నడిచే సెర్చ్ యాడ్స్ ఆపేసి చూసింది. పోతాయనుకున్న క్లిక్‌లలో 99.5% మామూలు ఉచిత రిజల్ట్స్ ద్వారా తిరిగి వచ్చేశాయి. కానీ ఇందులో ఒక మెలిక ఉంది. అదే పరిశోధనలో, ఈబేని అంతగా వాడని, కొత్త కస్టమర్ల మీద మాత్రం యాడ్స్ పనిచేశాయని తేలింది. పేరు అందరికీ తెలిసిన కంపెనీకి యాడ్ దండగ కావచ్చు. పేరు ఎవరికీ తెలియని వైరా షాపుకి అదే యాడ్ పనికిరావచ్చు. మొదట చేయాల్సింది ఆపి చూడటం. పండగ సీజన్ కాని రెండు వారాలు, కొన్ని వస్తువులకి మాత్రమే యాడ్ ఆపండి, మిగతావి నడవనివ్వండి, మొత్తం అమ్మకం పోల్చండి. యాడ్ రిపోర్ట్ కాదు, గల్లాపెట్టె చూడండి.

ఫోన్‌కి ఒక లెక్క, తేనెకి ఒక లెక్క

ఫోన్ ఎక్కడ కొన్నా అదే ఫోన్. జీటిన్ ఒకటే కాబట్టి గూగుల్ ఆ మోడల్ అమ్మే షాపులన్నిటినీ ఒకచోట చేర్చి ధరలు పక్కపక్కన పెట్టేస్తుంది. అక్కడ ఊరి షాపు పెద్ద కంపెనీ సేల్ ధరతో పోటీ పడలేదు. ఫ్రీగా పెట్టినా ఎవరూ క్లిక్ చేయరు. ఉచిత చోటు ఉందంటే ఉచిత అమ్మకం ఉందని కాదు.

భద్రాచలం అడవి తేనె, వెదురు బుట్టలు లాంటివి అలా కాదు. చేతితో చేసిన వాటికి కంపెనీ బార్‌కోడ్ ఉండదు, ఫీడ్‌లో ఆ మాటే చెప్పే వీలుంది. సరిగ్గా అదే వస్తువు ఇంకొకరి దగ్గర ఉండదు కాబట్టి ధరల యుద్ధమూ ఉండదు. ప్యాక్ చేసిన తేనెకి ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ లేదా రిజిస్ట్రేషన్ తప్పనిసరి అన్నది మర్చిపోవద్దు. చిన్నవాళ్లకి ఫ్రీ లిస్టింగ్ ఎక్కువగా పనికొచ్చేది ఇలాంటి సరుకుకే. సెల్ షాపులో కూడా అంతే: ఫోన్లు కాదు, పాత మోడళ్ల డిస్‌ప్లేలు, వేరేచోట దొరకని కవర్లు పెట్టాలి.

పెట్టాలనుకుంటే గుర్తుంచుకోవాల్సినవి

సొంత వెబ్‌సైట్ ఉండాలి, అందులో ఫోన్ నంబర్ లేదా చిరునామా, రిటర్న్ పాలసీ స్పష్టంగా కనిపించాలి. ఫీడ్‌లో ధర, సైట్‌లో ధర ఒకటే ఉండాలి, తేడా వస్తే వస్తువుని తీసేస్తారు. ఫీడ్ 30 రోజులకి ఒకసారైనా అప్‌డేట్ చేయాలి, లేకపోతే గడువు తీరిపోతుంది. రీఫర్బిష్డ్ ఫోన్‌ని కొత్తది అని పెడితే అకౌంటే పోవచ్చు. ఇక్కడ డబ్బు బదులు కట్టేది ఓపిక.

కొనేవాళ్లకి ఒక చిన్న ట్రిక్

ఏదైనా వస్తువు మీద నొక్కాక బ్రౌజర్‌లో లింకు మొత్తం చూడండి. అందులో 'జీ, సీ, ఎల్, ఐ, డీ' అనే ఇంగ్లీష్ అక్షరాలు వరుసగా కనిపిస్తే, ఆ షాపు మీ క్లిక్‌కి డబ్బు కట్టింది. 'ఎస్, ఆర్, ఎస్, ఎల్, టీ, ఐ, డీ' అని ఉంటే అది ఉచిత లిస్టింగ్. అన్ని షాపులకీ ఇవి కనిపించవు, కానీ చాలా వాటికి కనిపిస్తాయి. పైన ఉన్నది చౌకైనది అని అర్థం కాదు, వేలంలో గెలిచింది అని మాత్రమే. స్పాన్సర్డ్ వరుస దాటి రెండు స్క్రోల్‌లు కిందికి వెళ్లి ధర పోల్చండి.

సంత ఎవరిదో మర్చిపోవద్దు

ఈ చోటు ఎవరికి ఎంత అన్నది గూగుల్ ఇష్టం. సెర్చ్‌లో తన షాపింగ్ సర్వీస్‌ని ముందుపెట్టి పోటీ సైట్లని వెనక్కి నెట్టిందని యూరోపియన్ కమిషన్ 2017లో 242 కోట్ల యూరోల జరిమానా వేసింది. 2024 సెప్టెంబర్‌లో అక్కడి అత్యున్నత కోర్టు దాన్ని ఖరారు చేసింది. పదేళ్లు ఉచితంగా ఇచ్చిన చోటుని 2012లో తీసేసినవాళ్లు, 2020లో మళ్లీ ఇచ్చారు. ఇంకోసారి తీయరని రాసివ్వలేదు.

కాబట్టి ఉచితం ఉన్నంతకాలం వాడుకోండి. కానీ దాని ద్వారా వచ్చిన ప్రతి కస్టమర్ రెండోసారి గూగుల్‌లో వెతక్కుండా నేరుగా మీ నంబర్‌కే ఫోన్ చేసేలా చూసుకోండి. ఆ క్లిక్‌కి ఎవరూ బిల్లు వేయలేరు.