భాగం-7: క్రైస్తవ జీవితంలో ప్రార్థన, కృతజ్ఞత – వాటి ప్రయోజనం

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• క్రైస్తవ ప్రార్థన ప్రయోజనం ఏమిటో, అది బేరం ఎందుకు కాదో వివరించగలుగుతారు.
• కృతజ్ఞతలోని మూడు అంశాలను బైబిలు ఆధారంగా తెలుపగలుగుతారు.
• డోర్నకల్ సంఘాలలో కృతజ్ఞత కానుకగా ఎలా మారిందో చెప్పగలుగుతారు.
• కష్టకాలంలో కృతజ్ఞత అంటే ఏమిటో చర్చించగలుగుతారు.

7.1 పరిచయం

మహదేవపూర్ ప్రాంతంలో, గోదావరికి దగ్గరగా ఉన్న ఊళ్లో ఒక క్రైస్తవ రైతు కుటుంబాన్ని ఊహించుకోండి. విత్తనం వేసేముందు పాస్టరుగారిని పిలిచి చేనులో ప్రార్థన చేయించారు. ఆ ఏడు వరద వచ్చి పత్తి చేను మునిగిపోయింది. మెరకన ఉన్న పొరుగువారి చేను మాత్రం నిలిచింది. వారు ఏ ప్రార్థనా చేయించినవారు కారు. ఆ ఆదివారం ఆరాధనలో “దేవునికి కృతజ్ఞతలు చెల్లిద్దాం” అన్నప్పుడు ఆ ఇంటిపెద్దకు గొంతు పెగలలేదు. ప్రార్థన చేసి ఏం లాభం? దేనికని కృతజ్ఞత చెప్పాలి? ఈ భాగంలో మనం ఈ రెండు ప్రశ్నలను పరిశీలిద్దాం.

7.2 ప్రార్థన ప్రయోజనం

మత్తయి సువార్త 6వ అధ్యాయంలో యేసు శిష్యులకు ప్రార్థన నేర్పుతాడు. నేర్పేముందు ఒక మాట స్పష్టం చేస్తాడు: మనం అడగకముందే మన అవసరాలు తండ్రికి తెలుసు. అంటే, దేవునికి తెలియని సంగతి తెలియజేయడం ప్రార్థన ఉద్దేశం కాదు. మరి అడగడం ఎందుకు? అడగడం ద్వారా మనిషి తన బతుకును దేవుని ముందు తెరిచిపెడతాడు. తాను ఎవరిమీద ఆధారపడి ఉన్నాడో గుర్తిస్తాడు.

ప్రభువు నేర్పిన ఈ ప్రార్థన క్రమాన్ని గమనించండి. మొదట దేవుని నామం, రాజ్యం, చిత్తం. తరువాతనే ఆహారం, క్షమాపణ, కీడు నుంచి విడుదల. పైగా ఇందులో ‘నా’ అనే మాట లేదు. అంతా ‘మా’ అనే. ఈ ప్రార్థన చేసేవారు పొరుగింటి అన్నాన్ని కూడా అడుగుతున్నారు. కాబట్టి తన చేను మునిగినప్పుడు పొరుగువాడి చేను నిలవడం ఈ ప్రార్థనకు ఓటమి కాదు.

మన ప్రాంతంలో మొక్కుకోవడం అందరికీ తెలిసినదే. బైబిలులో కూడా యాకోబు, హన్నా మొక్కుకున్నారు. అయితే క్రైస్తవ ప్రార్థనకు మాదిరి గెత్సేమనే తోటలో కనిపిస్తుంది. తనకు రాబోయే బాధ తొలగిపోవాలని యేసు అడిగాడు. చివరికి తండ్రి చిత్తానికే తనను అప్పగించుకున్నాడు. బాధ తొలగలేదు, సంబంధం తెగలేదు. కోరినది దొరికితేనే నిలిచేది బేరం; దొరకనప్పుడు కూడా నిలిచేది ప్రార్థన.

7.3 కృతజ్ఞత: మూడు అంశాలు

ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయంలో తొలి పంటను అర్పించే విధానం ఉంది. రైతు గంపలో ప్రథమ ఫలాలు తెచ్చి, తన పూర్వికులు దిక్కులేక తిరిగిన సంగతిని, ఐగుప్తులో బానిసలైన సంగతిని, దేవుడు విడిపించిన సంగతిని చెప్పాలి. తరువాత లేవీయులతోను, పరదేశులతోను కలిసి సంతోషించాలి. దీనినిబట్టి కృతజ్ఞతలో మూడు అంశాలు తెలుస్తాయి:

(అ) గుర్తుచేసుకోవడం – ఉన్నదంతా తన కష్టార్జితమే కాదని ఎరగడం.
(ఆ) నోటితో చెప్పడం – పదిమంది ముందు ఒప్పుకోవడం. మన సంఘాలలో ‘సాక్ష్యం’ చెప్పడం ఇటువంటిదే.
(ఇ) పంచుకోవడం – పొందినదానిలో లేనివారికి చోటివ్వడం.

మూడవది లోపిస్తే మొదటి రెండూ మాటలుగానే మిగులుతాయి.

లూకా 17వ అధ్యాయంలో పదిమంది కుష్ఠరోగులు బాగుపడతారు. తిరిగివచ్చి కృతజ్ఞత చెప్పినవాడు ఒక్కడే, అతడు సమరయుడు. మిగిలిన తొమ్మిదిమందికి స్వస్థత దక్కింది గాని, స్వస్థపరచినవానితో సంబంధం ఏర్పడలేదు.

7.4 డోర్నకల్ అనుభవం

ఈ మూడవ అంశం మన నేలమీద ఎలా ఆచరణలోకి వచ్చిందో చూద్దాం. తిరునల్వేలి తమిళ క్రైస్తవులు 1903లో సొంత కానుకలతో ఒక మిషనరీ సంఘాన్ని స్థాపించారు. దాని స్థాపకులలో ఒకరైన వి.ఎస్. అజరయ్య 1909లో, నేటి మహబూబాబాద్ జిల్లాలోని డోర్నకల్‌కు మిషనరీగా వచ్చారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషిక్తులై, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే మరణించారు.

ఆయన అధ్యక్ష మండలంలోని విశ్వాసులు అధికభాగం మాల, మాదిగ కులాలకు చెందిన పేద కూలీలు, పాలేర్లు. ‘వీరు తీసుకునేవారే గాని ఇచ్చేవారు కారు’ అన్న అభిప్రాయాన్ని అజరయ్య అంగీకరించలేదు. వంట చేసే ప్రతిసారీ స్త్రీలు పిడికెడు బియ్యం విడిగా తీసిపెట్టి సంఘానికి తేవడం, కోతల తరువాత పండుగ జరిపి ధాన్యం, కోళ్లు, కూరగాయలు అర్పించడం వంటి పద్ధతులను ప్రోత్సహించారు.

పిడికెడు బియ్యం విలువ చిన్నది. దాని ఫలితం అంత చిన్నది కాదు. దొర గడీ ముందు చేయి చాచవలసివచ్చిన మనిషి ఇక్కడ దాతగా నిలబడ్డాడు. పొయ్యి దగ్గర చేసే పనే ప్రార్థన అయింది. డోర్నకల్‌లోని ఎపిఫనీ కథీడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠ పొందింది. ఆ తేదీ జ్ఞానులు శిశువైన యేసుకు కానుకలు తెచ్చిన సంగతిని స్మరించే పండుగ. మసీదును తలపించే గుమ్మటాలు, ఆలయ మండపాలను తలపించే స్తంభాలు ఆ కట్టడంలో కనిపిస్తాయి.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు: పేదవారి నుంచి కానుక తీసుకోవడం న్యాయమా? మార్కు 12వ అధ్యాయం దీనికి సహాయపడుతుంది. రెండు కాసులు వేసిన బీద విధవరాలిని యేసు మెచ్చుకున్నాడు. అంతకు కొంచెం ముందే, విధవరాండ్ర ఇళ్లను దిగమింగే మతపెద్దలను గద్దించాడు. రెంటినీ కలిపి చదవాలి. మనస్ఫూర్తిగా ఇచ్చినది మాత్రమే కృతజ్ఞత. ‘ఇంత ఇస్తే ఇంత వస్తుంది’ అని ఆశచూపి గుంజుకునేది దోపిడీ.

7.5 కష్టకాలంలో కృతజ్ఞత

1 థెస్సలొనీకయులకు 5:18లో పౌలు ప్రతి విషయంలోను కృతజ్ఞత చెల్లించమంటాడు. కష్టం ‘లో’ కృతజ్ఞత చెప్పడం వేరు, కష్టం ‘కోసం’ చెప్పడం వేరు. వరదకు కృతజ్ఞత చెప్పమని ఎవరూ అడగడం లేదు. కీర్తనల గ్రంథంలో మొర, ఫిర్యాదు, కన్నీరు విస్తారంగా ఉన్నాయి. అవి కూడా ప్రార్థనలే. హబక్కూకు 3వ అధ్యాయంలో ప్రవక్త చెట్లు కాయకపోయినా, పొలం పండకపోయినా, దొడ్డిలో పశువులు లేకపోయినా దేవునియందు ఆనందిస్తానంటాడు. ముందు నష్టాన్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టాడు, దేనినీ దాచలేదు.

యేసు రొట్టె పట్టుకొని కృతజ్ఞత చెప్పింది తాను అప్పగించబడిన రాత్రే. ప్రభురాత్రి భోజనానికి ఉన్న ‘యూకరిస్ట్’ అనే పేరు కృతజ్ఞత అనే అర్థంగల గ్రీకు మాట నుంచి వచ్చింది.

ఇప్పుడు మన రైతు దగ్గరకు వద్దాం. ఆయన గొంతు పెగలకపోవడం అవిశ్వాసం కాదు. ఆ మౌనాన్ని దేవుని ముందు ఉంచడమే ఆయన ప్రార్థన. ఆ వారం పిడికెడు బియ్యం ఆయన ఇంటి నుంచి రాకపోవచ్చు. సంఘం పోగుచేసినది ఆయన ఇంటికి చేరాలి. అలా చేరినప్పుడే మిగతావారి కృతజ్ఞత పూర్తవుతుంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. ప్రభువు నేర్పిన ప్రార్థనలో ‘మా’ అనే మాటకున్న ప్రాధాన్యం ఏమిటి?
2. కృతజ్ఞతలోని మూడు అంశాలను పేర్కొనండి.

7.6 సారాంశం

ప్రార్థన దేవునికి సమాచారం ఇవ్వడం కాదు, బేరమాడటమూ కాదు. ఆయనతో సంబంధంలో నిలవడం. కృతజ్ఞత ఆ సంబంధాన్ని పొరుగువారి వైపు నడిపిస్తుంది. డోర్నకల్ పేద విశ్వాసుల పిడికెడు బియ్యం దీనికి నిదర్శనం. కష్టంలో కృతజ్ఞత అంటే బాధను కాదనడం కాదు, బాధలోనూ దేవుణ్ణి, తోటివారిని విడువకపోవడం.

7.7 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. ఈ ప్రశ్నకు 30 పంక్తులలో సమాధానం రాయండి.
1. డోర్నకల్ సంఘాల అనుభవం ఆధారంగా కృతజ్ఞతకూ ఆత్మగౌరవానికీ గల సంబంధాన్ని చర్చించండి.

II. ఈ ప్రశ్నలకు 15 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. గెత్సేమనే ప్రార్థన క్రైస్తవులకు ఏమి నేర్పుతుంది?
2. మీ ఊరి సంఘంలో కృతజ్ఞత తెలిపే ఒక పద్ధతిని తీసుకొని, అందులో 7.3లో చెప్పిన మూడు అంశాలు ఉన్నాయో లేదో పరిశీలించండి.