చలి రాత్రులలో వెచ్చని పడక – గదిలో నిప్పు లేకుండానే

‘పుష్యమాసానికి పూస గుచ్చేంత పొద్దు’ అనీ, ‘మాఘమాసంలో మాకులు కూడా వణుకుతాయి’ అనీ మన పెద్దలు చెబుతూ ఉంటారు. మార్గశిర పుష్యమాసాలు హేమంత ఋతువు. మాఘ ఫాల్గుణాలు శిశిరం. ఆదిలాబాదు ప్రాంతంలోను, లంబసింగి, పాడేరు మన్యంలోను ఈ కాలపు రాత్రులలో ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు దిగువకు పడిపోవడం సాధారణమే. మన ఇళ్ళేమో వేసవి తాపానికి తగినట్లు కట్టినవి. వైశాఖంలో హాయినిచ్చే చల్లని గచ్చు పుష్యమాసపు తెల్లవారుజామున వృద్ధులను, పసిపిల్లలను బాధిస్తుంది. అందుచేత కొందరు బొగ్గుల కుంపటిని పడకగదిలోనికి తెచ్చుకొని తలుపులు బిగించుకొని నిద్రిస్తారు. ఇది ప్రాణాంతకమైన అలవాటు. పడక వెచ్చబడడానికి నిప్పుతో పనిలేదు.

వేడి పుట్టేది దేహంలోనే

దుప్పటి వేడిని పుట్టించదు. దేహంలో పుట్టిన వేడిని బయటకు పోనీయకుండా నిలుపుతుంది. హేమంతంలో బయటి చలి కారణంగా జఠరాగ్ని లోపలనే నిలిచి ప్రబలమవుతుందని, తగిన ఆహారం లభించకపోతే అది దేహంలోని రసాన్నే హరిస్తుందని చరకసంహిత సూత్రస్థానం 6వ అధ్యాయం చెబుతున్నది. కనుక చలికాలంలో ఖాళీ కడుపుతో నిద్రించరాదు.

రాత్రి భోజనాన్ని నిద్రకు రెండు గంటల ముందే, వేడిగా ఉండగా ముగించాలి. నెయ్యి వేసిన పప్పన్నం, మిరియాల చారు ఈ ఋతువుకు అనుకూలమైనవి. పగటిపూట ఒక నువ్వుల ఉండ తినడం మంచిది. మధుమేహం ఉన్నవారు మాత్రం బెల్లాన్ని మానుకోవాలి. పడుకొనేముందు చిటికెడు శొంఠిపొడి కలిపిన గోరువెచ్చని పాలు త్రాగవచ్చు. గుండెమంట, కడుపులో పుండు ఉన్నవారికి శొంఠి, మిరియాలు పనికిరావు. మద్యం వెచ్చదనాన్ని ఇస్తుందనుకోవడం భ్రమ. అది చర్మంలోని రక్తనాళాలను విప్పి, ఉన్న వేడిని బయటకు పంపివేస్తుంది.

పాదాలు వెచ్చబడితే నిద్ర సుఖం

పాదాలు చల్లగా ఉంటే నిద్ర త్వరగా పట్టదు. పాదాలు, చేతులు వెచ్చబడినవారికి నిద్ర శీఘ్రంగా వస్తుందని 1999లో స్విట్జర్లాండు పరిశోధకులు ‘నేచర్’ పత్రికలో వెల్లడించారు. మన పాదాభ్యంగం ఈ విషయానికి సరిగా అనుగుణమైనదే. పాదాలను పది నిమిషాలు గోరువెచ్చని నీటిలో ఉంచి, వ్రేళ్ళ సందులతో సహా పొడిగా తుడిచి, కొంచెం వేడిచేసిన నువ్వులనూనెతో మర్దించి, వదులైన నూలు మేజోళ్ళు తొడుక్కోవాలి. ఆ పనిని మంచంమీదనే చేసుకోవాలి. నూనె పాదాలతో గచ్చుపై నడిస్తే జారిపడే ప్రమాదం ఉన్నది.

పైన కప్పినదే చాలదు

చాలమంది దుప్పటిమీద దుప్పటి కప్పుకుంటారు గాని, క్రింద పరచుకొన్నదానిని పట్టించుకోరు. నేలపై పడుకునేవారి ఒంటి వేడిని చల్లని గచ్చు పీల్చివేస్తుంది. ముందుగా చాప, దానిమీద పాత చీరలతో కుట్టిన బొంత, ఆపైన పరుపు వేసుకోవాలి. దూది పరుపు అణగిపోతే అందులోని గాలి తగ్గి వెచ్చదనం కూడా తగ్గుతుంది. వారానికి ఒకసారైనా మధ్యాహ్నపు ఎండలో వేసి దులిపితే తేమ పోయి మళ్ళీ పొంగుతుంది. కప్పుకోవడానికి ఒక మందమైన దుప్పటి కంటె సన్నని రెండు దుప్పట్లు మేలు. వాటి నడుమ నిలిచిన గాలి చలిని అడ్డుతుంది. తెలంగాణలో నల్లగొర్రెల ఉన్నితో నేసే గొంగడి దీనికి చక్కగా పనికివస్తుంది. గరుకుగా ఉంటుంది కాబట్టి లోపల నూలు దుప్పటి వేసుకోవాలి.

వేడినీటి సంచీని వాడేవారు మరిగే నీరు పోయరాదు. గుడ్డ చుట్టి, పావుగంట ముందుగా పడకలో ఉంచి, పడుకొనేటప్పుడు తీసివేయాలి. మధుమేహం వల్ల పాదాలలో స్పర్శ తగ్గినవారికి కాలినా తెలియదు. వారు దానిని వాడకపోవడమే శ్రేయస్కరం.

వృద్ధులు, పసిపిల్లలు

వృద్ధులకు చలి తీవ్రత త్వరగా తెలియదు. రాత్రి మూత్రవిసర్జనకు లేచేటప్పుడు వారు కొంతసేపు మంచంమీద కూర్చొని, శాలువా కప్పుకొని, చెప్పులు తొడుక్కొని కదలాలి. పసిపిల్లల ముఖంమీద దుప్పటి కప్పరాదు. వదులైన దుప్పట్ల కంటె ఒంటికి సరిపడే ఒక చొక్కా అదనంగా తొడగడం క్షేమకరం.

కుంపటి మాట

బొగ్గులు కాలినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు వెలువడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటె 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. నిద్రలో ఉన్నవారు మేలుకోకుండానే ప్రాణాలు కోల్పోవచ్చు. పొగ రావడం లేదు కదా అని, కిటికీ కొంచెం తెరచి ఉంది కదా అని ధైర్యపడరాదు. కుంపటి దగ్గర ఉన్నవారికి తలనొప్పి, వికారం, కళ్ళు తిరగడం కలిగితే వెంటనే అందరినీ ఆరుబయటికి తీసుకువెళ్ళి ఆసుపత్రికి చేర్చాలి. చలి కాచుకోవాలంటే ఆరుబయటనే కాచుకొని, నిప్పును పూర్తిగా ఆర్పి లోపలికి రావాలి.

ఇన్ని జాగ్రత్తలు తీసుకొన్నప్పటికీ ఒకరికి మాత్రమే ఎల్లప్పుడూ చలి వేస్తుంటే రక్తహీనత గాని, థైరాయిడ్ లోపం గాని ఉండవచ్చు. అట్టివారు దుప్పట్ల సంఖ్య పెంచుకుంటూ పోక వైద్యునిచే పరీక్ష చేయించుకోవాలి.